పనిలో ఉన్న జాడీ

మొన్నొక పొద్దున తెనాలి స్టేషన్లో రేపల్లె బండి కోసం నిలబడి ఉండగా మా సీజన్ టికెట్ల వాట్సాప్ గ్రూపులో ఆయన ఫొటో వచ్చింది. పాస్‌పోర్టు సైజు ఫొటో. తెల్ల చొక్కా, మెడ దాకా పెట్టుకున్న గుండీలు, వెనకాల నీలం తెర. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చి పడుతున్నాయి. రేపల్లెలో సగం మందికి ఫొటోలు తీసిన మనిషి, తన ఫొటోలో మాత్రం దొంగతనం అంటగడితే నిలబడ్డవారిలా ఉన్నారు. ఏడవాల్సిన చోట నాకు నవ్వొచ్చింది. ఆ వెనకే ఏడుపూ వచ్చింది. పక్కన నిలబడ్డ టీచరుగారు నా భుజం మీద చెయ్యి వేసి, "వయసు మీద పడిందిలెండి, పెద్దగా బాధపడకుండా పోయారంట" అన్నారు.

"ఫొటో అనగానే మనుషులు ఎక్కడినుంచో వేరే మొహం తెచ్చిపెట్టుకుంటారమ్మా. గరిటెకి ఆ బాధ లేదు" అనేవారాయన. అది ఆయన మాటల్లో కల్లా ఎక్కువసార్లు విన్న మాట.

మేమంతా ఆయన్ని స్టూడియో బాబాయి గారు అనేవాళ్ళం. ఇల్లు తెనాలిలో, స్టూడియో రేపల్లెలో. ఎందుకలా అని అడిగితే, పెళ్ళయిన కొత్తలో పిన్నిగారికి తెనాలి ఆస్పత్రిలో నర్సు ఉద్యోగం ఉండేదనీ, ఆవిడ కదలనన్నారనీ, తను మాత్రం రేపల్లెలో తండ్రి పెట్టిన కొట్టు వదల్లేదనీ చెప్పేవారు. ఇద్దరిలో ఎవరూ దిగిరాకపోవడం వల్ల లాభపడింది రైల్వే వాళ్ళేనని పిన్నిగారి మాట.

నన్ను కొత్తగా రేపల్లె ఆఫీసుకి వేసిన రోజులు. కిటికీ పక్కన సీటు దొరికింది. కేరేజీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. బండి వేమూరు దాటింది. ఎదురు సీట్లో ఉన్న పెద్దాయన చాలాసేపట్నుంచి నా ఒళ్ళోకే చూస్తున్నారు. నాకు ఒళ్ళు మండింది. ఏదో అనబోయేంతలో ఆయనే ముందుకు వంగి, "అమ్మా, మీరేమీ అనుకోకపోతే ఆ కేరేజీని కొంచెం వెలుతురు వైపు జరుపుతారా?" అన్నారు.

ఏదో కారుతోందని చెబుతున్నారనుకున్నాను. చూస్తే నిజంగానే కింద గిన్నె మీదికి పప్పుచారు చారగా కారి ఎండిపోయి ఉంది. సిగ్గుపడి కర్చీఫు తీసి తుడవబోయాను.

"తుడవకండమ్మా. తుడిచేస్తే ఈవిడెవరో నేను గుర్తుపట్టలేను."

ఈవిడంటే నేననుకున్నాను. కాదు, కేరేజీ. జేబులోంచి చిన్న కెమెరా తీశారు. తన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో శుభ్రంగా తుడుచుకున్నారు. రెండు క్షణాలు ఊపిరి బిగబట్టి ఒకే ఒక్క ఫొటో తీశారు. తరవాత కేరేజీ వైపు కాస్త తల వంచి "థాంక్సండి" అన్నారు. నాకు మాత్రం ఏ థాంక్సూ చెప్పలేదు. నా పక్కన కూర్చున్నావిడ నా చెవిలో, "భయపడకండి, మంచాయనే. పోయిన నెల నా గొడుగుని తీశారు" అంది.

ఆ తరవాత రోజూ కలిసేవాళ్ళం. నెమ్మదిగా ఆయన పద్ధతులన్నీ తెలిశాయి. వస్తువుని ఎప్పుడూ తుడవరు, సర్దరు. కళ్ళజోడు మాత్రం ప్రతిసారీ తుడుచుకుంటారు. గ్లాసులూ చెంబులూ మగవాళ్ళు, "వీడు". కేరేజీలూ కుక్కర్లూ బుట్టలూ ఆడవాళ్ళు, "ఈవిడ". చీపురు ఆడా మగా అని భట్టిప్రోలు వచ్చేదాకా ఒకసారి పెట్టె పెట్టెంతా వాదించుకుంది. ఆయన మాత్రం చీపురు ముసలావిడనీ, ఇంట్లో అందరికన్నా ముందు లేచేది ఆవిడేననీ తేల్చేశారు. "పొద్దున్నే చీపురు మొహం చూడకూడదంటారు కదండి" అని నేనంటే, "అందుకే పాపం ఆవిడ ఫొటో ఎవరి దగ్గరా లేదు" అన్నారు.

ఆయన వ్యాపారం ఎలా సాగేదో దేవుడికే తెలియాలి. అందరి స్టూడియోల ముందరా అద్దాల బీరువాలో పెళ్ళికూతుళ్ళు ఉంటారు. ఈయన బీరువాలో టీ వడపోసే గుడ్డ, అరిగిపోయిన హవాయి చెప్పు, గడప పక్కన సగం మిగిలిన ముగ్గుచిప్ప ఉండేవి. ఒకసారి పెళ్ళివారు వచ్చి బీరువా ముందు నిలబడి చూసి, పాత సామాన్ల కొట్టనుకుని పక్క స్టూడియోకి వెళ్ళిపోయారట. ఆ సంగతి ఆయన గొప్పగా చెప్పుకునేవారు. పిన్నిగారు కూడా చెప్పేవారు గానీ గొప్పగా కాదు.

మా పెట్టెలో ఒక కాలేజీ లెక్చరరు కుర్రాడు వచ్చేవాడు. ఒకరోజు ఆయన ఫొటోలు చూసి, "బాబాయి గారూ, ఇది మామూలు విషయం కాదండి. ఇది ఆర్టండి" అన్నాడు.

"ఏమోనండి. మా ఆవిడ పిచ్చంటుంది. ఇద్దరూ చదువుకున్నవాళ్ళే, ఎవర్ని నమ్మను?" అన్నారాయన.

ఆయనకి ఒక పట్టుదల ఉండేది. పనిలో ఉన్న వస్తువునే తీస్తారు. అటక మీద ఉన్నదాన్నీ, షోకేసులో పెట్టినదాన్నీ ముట్టుకోరు. కొల్లిపర దగ్గర ఒక పెద్ద ఇంటివాళ్ళు తాతలనాటి ఇత్తడి గంగాళాన్ని తోమించి, హాల్లో పెట్టి, అందులో ప్లాస్టిక్ పూలు వేసి, ఫొటో తీయమని కారు పంపించారు. ఈయన వెళ్ళారు. చుట్టూ తిరిగి చూశారు. "పూలు తీసేసి నీళ్ళు నింపండి. ఎవరైనా స్నానం చేయాల్సినవాళ్ళున్నారా?" అని అడిగారు. ఆ ఇంటి పెద్దాయన కాఫీ కూడా ఇవ్వకుండా పంపించేశారు. రావడం బస్సులో రావాల్సి వచ్చింది. అదే మనిషి దుగ్గిరాల యార్డులో పసుపు గోతాలు కుట్టే దబ్బనం కోసం ఎండలో ఒక పూటంతా నిలబడ్డారు. కుట్టేవాడు టీ తాగడానికి వెళ్తూ దాన్ని గోతానికి గుచ్చి వెళ్ళాడు. అలా గుచ్చి ఉండగా, దారం వేలాడుతుండగా తీశారు. "వాడు కూడా టీకి లేచినట్టే ఉన్నాడు చూడమ్మా" అని నాకు చూపించారు. నిజంగా అలాగే ఉంది.

ఇదంతా సరదాగా చూస్తూ వచ్చాను. ఆ పట్టుదల నాదాకా వచ్చిన రోజున మాత్రం సరదా లేకపోయింది.

మా అమ్మ బాపట్లలో తమ్ముడి దగ్గర ఉండేది. ఒక చలికాలంలో పోయింది. అమ్మకి మంచి ఫొటో ఒక్కటీ లేదు. ఉన్నవాటిలో ఒకదాంట్లో కళ్ళు మూసుకుంది, ఒకదాంట్లో ఎవరి పెళ్ళిలోనో వెనక వరసలో సగం మొహం. ఆధార్ కార్డు ఫొటో సంగతి చెప్పుకోకపోవడమే మంచిది. కర్మలన్నీ అయ్యాక తమ్ముడు వంటిల్లు మార్పిస్తూ, అమ్మ సామాన్లు ఏమన్నా కావాలా అని అడిగాడు. నేను ఆవకాయ జాడీ అడిగాను. పైన గోధుమరంగు, కింద తెలుపు, మూతి దగ్గర చిన్న పెచ్చు ఊడిన జాడీ. నాకు తెలిసినప్పట్నుంచీ అమ్మ ఆవకాయ పెట్టింది అందులోనే. దాన్ని తువ్వాల్లో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని, బాపట్ల నుంచి తెనాలి దాకా బండిలో పసిపిల్లని తెచ్చినట్టు తెచ్చాను.

మర్నాడు ఆఫీసు కాగానే దాన్ని సంచిలో పెట్టుకుని స్టూడియోకి వెళ్ళాను. అప్పటికి పొద్దుటి బండిలో మోసుకెళ్ళి, ఆఫీసులో బల్ల కింద పెట్టుకుని, దానికి ఎవరి కాలన్నా తగులుతుందేమోనని రోజంతా చచ్చాను.

"బాబాయి గారూ, దీన్ని ఒక మంచి ఫొటో తీసి పెట్టండి. పెద్దది చేయించి హాల్లో పెట్టుకుంటాను. అమ్మ ఫొటో బదులు."

ఆయన జాడీని రెండు చేతులతో అందుకున్నారు. మూత తీసి లోపలికి చూశారు. వాసన చూశారు.

"ఇందులో ఏమీ లేదేంటమ్మా?"

"లేదండి. అమ్మ పోయాక కడిగి బోర్లించేశారు."

"ఈ వేసవికి పెడతావా?"

"పెట్టకూడదండి. మా ఇళ్ళల్లో మనిషి పోయిన ఏడాది ఆవకాయ పెట్టరు. చుట్టాలెవరన్నా పెట్టి ఇస్తారు."

ఆయన మూత జాగ్రత్తగా పెట్టేసి జాడీని నా చేతికిచ్చారు. "అయితే వచ్చే వేసవికి తీద్దాంలే."

"అదేంటండి?"

"ఇప్పుడు ఈవిడ పనిలో లేదమ్మా. రిటైరైన వాళ్ళ ఫొటోలు తీయడం నాకు రాదు."

నాకు కోపం వచ్చింది. మామూలు కోపం కాదు. ఫొటో తీయడానికి కూడా నియమాలేంటండి, మా అమ్మ పోయిందని చెబుతున్నా వినపడట్లేదా అని ఏదేదో అనేశాను. ఆయన స్టూలు జరిపి కూర్చోబెట్టి, పక్క కొట్టు నుంచి టీ తెప్పించారు. నేను టీ తాగడం అయ్యాక, "మీ అమ్మగారి ఆవకాయ నీకు పెట్టడం వచ్చా?" అని అడిగారు.

రాదు. అసలు సంగతి అదే. పెళ్ళయి ఇన్నేళ్ళయినా నేనెప్పుడూ ఆవకాయ పెట్టలేదు. అవసరం రాలేదు. ఏటా మే నెలలో డబ్బా నిండా వచ్చేది. అమ్మ ముక్కలు కోయించేటప్పుడు పక్కన కూర్చుని వెల్లుల్లి వొలిచేదాన్ని, అంతే. ఎంత కారం, ఎంత ఆవపిండి అని అడిగితే, "చూస్తున్నావుగా" అనేది. నేను చూడలేదు. మా వైపు చెయ్యి మంచిదైతేనే పచ్చడి నిలుస్తుందంటారు. నా చెయ్యి ఎలాంటిదో నాకు తెలీదు. పెట్టి, అది బూజు పడితే, అమ్మ రెండోసారి పోయినట్టవుతుందని భయం. ఫొటో పెట్టుకుంటే ఆ భయం ఉండదు. జాడీ ఖాళీగా ఉన్నా గోడ మీద బాగుంటుంది.

ఇదంతా ఆయనకి చెప్పాను. "అవునమ్మా, భయమే మరి" అన్నారు. ఫొటో మాత్రం తీయలేదు.

కొన్నాళ్ళు ఆయన ఎక్కే పెట్టె ఎక్కలేదు. తరవాత మా పెట్టె కబుర్లు లేక నాకే తోచక మళ్ళీ వెళ్ళాను. ఆయన ఏమీ జరగనట్టు జరిగి చోటిచ్చారు. ఆ రోజు నుంచి నన్ను చూడగానే, "జాడీ ఎలా ఉందమ్మా?" అని అడగడం మొదలుపెట్టారు. అత్తారింటికి వెళ్ళిన పిల్లని అడిగినట్టు అడిగేవారు. "ఖాళీగానే ఉందండి" అనేదాన్ని. "ఉండనీలే, ఈవిడకేం తొందర" అనేవారు. మిగతావాళ్ళు కూడా అలవాటు పడి జాడీ క్షేమం కనుక్కునేవాళ్ళు. భట్టిప్రోలులో దిగే టీచరుగారైతే జాడీ అంటే మా పాప ముద్దుపేరని చాలా రోజులు అనుకున్నారు.

ఏడాది తిరిగింది. సంవత్సరీకం అయింది. మామిడికాయలు మార్కెట్లోకి వచ్చాయి. ఒకరోజు బండిలో ఆయన అడక్కముందే నేనే, "శుక్రవారం పెడుతున్నానండి" అని చెప్పేశాను. చెప్పాక వెనక్కి తీసుకోవడానికి వీల్లేకపోయింది, పెట్టెలో అందరూ విన్నారు.

ఆయన వేళ్ళు ముడిచి లెక్కేశారు. "అయితే మూడో నాడు ఆదివారం. ప్రార్థన అయ్యాక మీ పిన్నిని తీసుకుని వస్తాను" అన్నారు.

ఆవకాయ కలిపిన మూడో నాడు, జాడీ మూతికి గుడ్డతో కట్టిన వాసెన విప్పి తిరగకలపాలి. అప్పటికి ఊట ఊరి, నూనె పైకి తేలితే నిలిచినట్టు. తేలకపోతే అనుమానమే. ఆయన లూథరన్ చర్చికి వెళ్ళే మనిషి. మా ఏడాది పట్టింపు నాతో పాటు ఒక్కరోజు తేడా లేకుండా పాటించారు. మూడో నాడని కూడా ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

శుక్రవారం ఆఫీసుకి సెలవు పెట్టాను. ముక్కలు తుడిచి, జీడి తీసి, పొర తీసి ఆరబెట్టాను. పళ్ళెంలో ఆవపిండి, కారం, ఉప్పు కుప్పలు పోశాక చెయ్యి ఆగిపోయింది. ఎంత అన్నది నిజంగానే తెలీదు. చివరికి అమ్మ పళ్ళెంలో రంగు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకుని, ఆ రంగు వచ్చేదాకా కలిపాను. నూనె పోసి, జాడీకి ఎత్తి, మూతికి తెల్లటి గుడ్డతో వాసెన కట్టి దణ్ణం పెట్టుకున్నాను. మా ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చి ఏదో అడగబోయి నా మొహం చూసి వెళ్ళిపోయారు. ఆ రెండు రోజులూ నేను జాడీ దగ్గరికి వెళ్ళనే లేదు.

ఆదివారం చెప్పినట్టే ఇద్దరూ వచ్చారు. పిన్నిగారు తెల్ల చీర, ఆయన ఇస్త్రీ చొక్కా. నేరుగా వంటింట్లోకి వచ్చి, పీట వాల్చుకుని కూర్చుని, కళ్ళజోడు తుడుచుకోవడం మొదలుపెట్టారు. వాసెన ముడి ఎంతకీ రాలేదు. పిన్నిగారు కత్తి ఇవ్వబోతే ఆయన వద్దన్నారు. ఎలాగో విప్పాను. మూత తీయగానే ముందు వాసన వచ్చింది. చిన్నప్పుడు బాపట్లలో వేసవి సెలవుల మొదటి రోజున ఇల్లంతా వచ్చే వాసన. లోపలికి చూశాను. ఎర్రటి నూనె పైకి తేలి మెరుస్తోంది.

"తేలిందమ్మా" అన్నారు పిన్నిగారు నా కన్నా ముందే.

చెయ్యి పెట్టి అడుగు నుంచి తిరగకలిపాను. ఇంకాస్త నూనె పోశాను. వేళ్ళకి అంటింది అంచుకి రాసి, మళ్ళీ గుడ్డ కప్పి వాసెన బిగించి కట్టాను. గుడ్డకి ఎర్ర మరకలయ్యాయి. మార్చబోతుంటే "ఉండనీమ్మా" అన్నారాయన. చెయ్యి కడుక్కుని వచ్చి, "ఇక తీస్తారాండి?" అని అడిగాను.

"అయిపోయిందమ్మా" అని ఆయన లేచి, జాడీ వైపు తల వంచి "థాంక్సండి" అన్నారు. ఎప్పుడు తీశారో నాకు తెలీనే తెలీదు.

తరవాత అన్నం పెట్టాను. ఆయనకి బీపీ, ఉప్పూ కారం దగ్గరికి రానివ్వరు పిన్నిగారు. ఆ రోజు ఆవిడే ఒక ముక్క వేశారు. ఆయన కొత్త ఆవకాయ కలుపుకుని, కళ్ళమ్మట నీళ్ళు కారుతుండగా, కంచం తుడిచినట్టు తిన్నారు. పిన్నిగారు ఉప్పు ఒక్క పిసరు తక్కువైందన్నారు. ఆయన కాదన్నారు. బీపీ మనిషికి ఉప్పు సంగతి ఏం తెలుసని ఆవిడ, జాడీ సంగతి నీకేం తెలుసని ఆయన, వాదించుకుంటూనే ఆటో ఎక్కారు. ఆ పూట నేను ఎంత సంతోషంగా ఉన్నానో చెప్పడానికి నాకు మాటలు చాలవు.

పది రోజుల తరవాత ఫొటో ఫ్రేము కట్టించి, బండిలో నా ఒళ్ళో పెట్టారు. కాగితం విప్పి చూశాను. కాస్త నిరుత్సాహం కలిగింది. జాడీ సగమే పడింది. పెచ్చు ఊడిన మూతి, మరకల గుడ్డ, ముడి బిగిస్తున్న చెయ్యి, వేళ్ళ సందుల్లో ఎర్రటి నూనె, అంతే.

"నా చెయ్యి అడ్డం పడిందండి" అన్నాను.

"అడ్డమేముందమ్మా, అదేగా ఈవిడ చేసే పని" అన్నారు. కాగితం మడతపెట్టి నాకిస్తూ, "మీ అమ్మగారిని నేను చూడలేదు. ఇందులో ఆవిడ ఉన్నారో లేదో నాకు తెలీదు. జాడీ మాత్రం పనిలో ఉంది" అన్నారు.

మర్యాద కోసం బాగుందన్నాను. ఇంటికి తెచ్చి హాల్లో పెట్టాను.

ఆ నెలాఖర్లో ఏదో పని మీద తమ్ముడు బాపట్ల నుంచి వచ్చాడు. చెప్పులు విడిచి లోపలికి వస్తూనే గోడ ముందు ఆగిపోయాడు. మంచినీళ్ళు తెచ్చి ఇస్తుంటే అందుకోలేదు.

"అక్కా, అమ్మని ఈ ఫొటో ఎప్పుడు తీశారు? నాకు పంపించలేదేం?"

గ్లాసు బల్ల మీద పెట్టి, నా చెయ్యి తీసుకెళ్ళి ఫొటో పక్కన పెట్టాను. వాడు ఫొటోనీ చూశాడు, నా చేతినీ చూశాడు. ఆ చెయ్యి పట్టుకుని అన్నాడు.

"అన్నం పెట్టక్కా. ఆవకాయ వెయ్యి."